నికెల్, తగరం పూతతో పాలమూరుకు

2007 ఫిబ్రవరిలో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ కాలేజీల నుంచి ఒకే వారంలో నాకు పిలుపు వచ్చింది. నీటిని కరెంటుతో విడగొట్టి హైడ్రోజన్ తీసేటప్పుడు ఆ పనిని తేలిక చేసే లోహపు పూతల మీద నేను పరిశోధన చేస్తున్నాను. పిల్లలకు దాన్ని చూపించాలి. నేను వెంటనే ఒప్పుకోవడానికి అసలు కారణం మాత్రం వనపర్తిలో ఉన్న పద్మజ. ఇద్దరం ఒకే ల్యాబ్‌లో పనిచేశాం. పాప పుట్టాక ఆమె పరిశోధన సగంలో ఆపేసి, సొంతూళ్లో జూనియర్ కాలేజీ లెక్చరర్‌గా చేరింది. మళ్లీ రమ్మని అడగాలని నా ఆశ.

పొద్దున్నే కాచిగూడలో ప్యాసింజర్ రైలెక్కాను. సంచిలో రెండు పలచని ఇనుప పట్టీలున్నాయి. ఒకటి మామూలుది. రెండోదాని మీద నికెల్, తగరం కలిపి కరెంటుతో ఎక్కించిన పూత, వెండి రంగులో లేత గులాబీ ఛాయతో మెరుస్తోంది. మహబూబ్‌నగర్‌లో ఒక పెద్దామె పల్లికాయ మూటతో ఎక్కింది.

"జర జరుగు బిడ్డా. గద్వాల దాంక నిలవడలేను."

జరిగాను. మూట నా సంచి మీదికి ఒరిగింది. గద్వాలలో దిగి చూస్తే పూత పట్టీ వంగి ఉంది. చేత్తో సాపుచేసి కాలేజీకి వెళ్లాను.

రెండు పట్టీలనూ కాస్టిక్ సోడా నీళ్లలో ముంచి ఒకే రకం బ్యాటరీలకు కలిపాను. పూత ఉన్నదాని మీద బుడగలు ఎక్కువ రావాలి. రాలేదు. పూత పొరలుగా లేచి గ్లాసు అడుగుకు చేరింది.

"మేడం, రెండిట్ల ఏం ఫరక్ లేదు," అంది ముందు బెంచీ అమ్మాయి, నెమ్మదిగానే.

సాయంత్రం వనపర్తి బస్సులో కిటికీ పక్కన కూర్చుని, మిగతా రెండు ఊళ్లకూ ఏం చెప్పి తప్పించుకోవాలా అని ఆలోచించాను. బీచుపల్లి వంతెన మీద బస్సంతా ఒడ్డున గుడిలోని అంజన్నకు దండం పెట్టింది. నేనూ పెట్టాను.

పద్మజ గుమ్మంలోనే నా ముఖం చూసింది. "ముందుగాల కాళ్లు కడుక్కో. రొట్టె చల్లారుతది," అంది. తిన్నాక పట్టీని వెలుగులో పెట్టి చూసింది.

"ఇది వంగిందా?"

"వంగితే సాపుచేశాను."

"గిది మామూలు మిశ్రమం గాదు గదనే. రెండు లోహాలు ఒక లెక్కన కలిసి ఒకటే పదార్థమైనయి. గాజు లెక్క. వంచితే పలుగుతది."

నాకు తెలియని సంగతి కాదు. ఆ కంగారులో తట్టలేదు.

మర్నాడు బస్టాండు పక్కన వెల్డింగు దుకాణంలో మందపాటి ఇనుప ముక్క అడిగి తెచ్చుకున్నాం. పూత పూయడం కూడా చూపిద్దామని ఆ రెండు లోహాల లవణాలు వెంట తెచ్చాను కాబట్టి సరిపోయింది. పన్నెండుకు కరెంటు పోతుందని వాళ్ల కాలేజీ ల్యాబ్‌లో పద్మజ తొందరపెట్టింది. కానీ ఇనుమును శుభ్రం చేయడంలో మాత్రం తొందరపడలేదు. నీళ్లు బొట్లుగా విడిపోకుండా ఒకే పొరలా పరుచుకునేదాకా తోమింది. పిల్లలు చుట్టూ చేరి చూస్తుండగానే గులాబీ ఛాయ వచ్చింది. కాస్టిక్ నీళ్లలో ముంచితే, మామూలు పట్టీ మీద ఒక్కొక్కటిగా వచ్చే బుడగలు దీని మీద పాలపొంగులా లేచాయి. కరెంటు పోయినా పద్మజ సింకు దగ్గరే నిలబడి, కడిగిన బీకరునే మళ్లీ కడుగుతూ ఉండిపోయింది.

"ఎన్ని రోజులాయెనే," అంది నా వైపు తిరగకుండా.

ఆ రాత్రి అన్నాల దగ్గర వాళ్లత్తమ్మ, "పాపను నేను జూస్త. నువ్వు గూడ పో," అంది కోడలితో.

తెల్లారి ఎనిమిదింటి బస్సుకు ఇద్దరం నాగర్‌కర్నూల్ వెళ్లాం. బుడగలు బాగానే వచ్చాయి. ఎందుకొస్తున్నాయో నేను పుస్తకం భాషలో చెబుతుంటే పిల్లల కళ్లు వాలిపోతున్నాయి. పద్మజ లేచింది.

"నికెల్ హైడ్రోజన్‌ను గట్టిగ పట్టుకుంటది, ఇడువదు. తగరం అసలే పట్టుకోదు. ఇద్దరిని ఒక్కటి జేస్తే? పట్టుకోవాల్సినంత సేపు పట్టుకొని ఇడుస్తది. గందుకే గిన్ని బుడగలు."

తర్వాత అరగంటసేపు ప్రశ్నలన్నీ ఆమెకే వచ్చాయి.

బస్టాండులో చాయ్ తాగుతూ నా మాట బయటపెట్టాను.

"అడుగుతవని నువ్వొచ్చిన నాడే అనుకున్న," అంది. "ఇల్లు, నౌకరి ఇడిసి రాలేను. పాప చిన్నది." చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టింది. "ఎండాకాలం సెలవులల్ల పాపను తీస్కొని వస్త. గా కొద్ది దినాలకు మన ల్యాబ్ సార్ ఒప్పుకుంటడా?"

"ఒప్పుకుంటారు. నేను మాట్లాడతాను."

వనపర్తి బస్సు ముందొచ్చింది. ఎక్కి, కిటికీలోంచి కొత్తగా పూత పూసిన ముక్క కోసం చెయ్యి చాపింది. ఇచ్చేశాను.

ఈ దారిన వెళ్లేవాళ్లు గద్వాల కోటకూ, వనపర్తి ప్యాలెస్‌కూ ఒక్కో పూట ఉంచుకోండి. నేను రెండింటినీ బయటి నుంచే చూశాను. నా తిరుగు బస్సు కల్వకుర్తి దాటేసరికి మునిమాపైంది. ఏయే ఊళ్లు చూసి వస్తున్నారని పక్కసీటాయన అడిగితే, స్నేహితురాలిని చూసి వస్తున్నానని చెప్పాను.