నా పేరే ఉన్న ఆవిడ విమానం

షికాగో పక్కన మా అరోరాలో స్కూళ్లు తెరిచిన వారం అది. ఆఫీసుకు బయల్దేరబోతూ ఫోన్ చూసుకుంటే ఒక మెయిల్ వచ్చి ఉంది. అభినందనలతో మొదలైంది. జర్మనీలో మా విమానం ఆలస్యమైనందుకు నా తరఫున వాళ్లు వేసిన క్లెయిమ్ గెలిచిందట. విమాన కంపెనీ పరిహారాన్ని నేరుగా నాకే పంపేసిందట. కాబట్టి ఒప్పందం ప్రకారం వాళ్ల ఫీజు నేను రెండు వారాల్లో కట్టాలట. పైన నా పేరు, ఇంటిపేరుతో సహా, అక్షరం తేడా లేకుండా ఉంది.

నిలబడే రెండోసారి చదివాను. ఆ వేసవిలో మేం హైదరాబాద్ వెళ్లొచ్చిన మాట నిజం. జర్మనీలో విమానం మారిన మాటా నిజమే. తిరిగొచ్చేటప్పుడు అక్కడ మమ్మల్ని గంటల తరబడి కూర్చోబెట్టారు. మా అమ్మాయి నా ఒళ్లో తల పెట్టుకుని నిద్రపోతుంటే నేను సగం మత్తులో ఫోన్ చూస్తూ గడిపాను. వైఫై కోసం ఏదో నొక్కాను. కాఫీ కూపన్ కోసం ఇంకేదో నొక్కాను. ఈ క్లెయిముల కంపెనీ పేరు ఎప్పుడూ విన్నట్టు లేదు. కానీ వినలేదని ఒట్టేసి చెప్పగలవా అని ఎవరైనా అడిగితే, ఆ ఉదయం నేను చెప్పలేకపోయేదాన్ని.

మా ఆయనకు చూపించాను. ఆయన షూ లేస్ కట్టుకుంటూనే చదివి, నువ్వే ఎక్కడో ఓకే కొట్టి ఉంటావు అన్నారు. అది మోసం మెయిల్ అయి ఉంటుందని నేనన్నాను. అయితే విమానం సంగతి వాళ్లకెలా తెలిసింది అని ఆయన అడిగారు. సాయంత్రానికి ఆయన ఇంకో భయం తగిలించారు. కట్టకపోతే బాకీలు వసూలు చేసే కలెక్షన్ వాళ్లకు ఇస్తారు, క్రెడిట్ స్కోర్ మీద పడుతుంది, గ్రీన్ కార్డ్ ఫైలు నడుస్తుండగా మనకెందుకీ తలనొప్పి అని. పెద్ద మొత్తమేమీ కాదు, పడేద్దాం అన్నారు.

పడేయడానికి నాకు మనసొప్పలేదు. బ్యాంకు ఖాతాలు రెండూ తిరగేశాను. విమాన కంపెనీ నుంచి ఒక్క డాలర్ కూడా రాలేదు. రాని డబ్బులో వాటా అడుగుతున్నారు. ఆ మాటే చెబుదామని వాళ్లకు ఫోన్ చేశాను. చాలాసేపు సంగీతం వినిపించాక ఒకబ్బాయి వచ్చాడు, మర్యాదగానే మాట్లాడాడు. డబ్బు వెళ్లినట్టు విమాన కంపెనీయే తమకు చెప్పిందన్నాడు. నేను ఎవరికీ క్లెయిమ్ వేయమని చెప్పలేదన్నాను. మీ సంతకం మా దగ్గరుంది మేడమ్ అన్నాడు. పంపమంటే వెంటనే పంపాడు.

వేలితో ఫోన్ తెర మీద గీసిన సంతకం అది. మొదటి అక్షరం ఒక సున్నా లాగా, తర్వాత ఒక అల, చివర తోక. నాది కాదని మొదట అనిపించింది. తర్వాత నా ఫోన్ తీసి నేనూ వేలితో సంతకం చేసి చూశాను. ఒక సున్నా, ఒక అల, ఒక తోక వచ్చాయి. పక్కపక్కన పెట్టి చూస్తే ఏది ఎవరిదో నాకే తెలియలేదు. మా అమ్మాయిని పిలిచి చూపిస్తే, "బోత్ నీదే కదా అమ్మా?" అంది.

ఇక వాళ్ల మెయిల్‌లోని విమానం తేదీని పట్టుకున్నాను. నా పాస్‌పోర్ట్ ముద్ర, పాత బోర్డింగ్ పాస్ తీసి చూస్తే, మేం ఎక్కిన విమానం దానికి రెండు రోజుల తర్వాతది. అదే కంపెనీ, అదే ఊరి మీదుగా, కానీ మాది షికాగో విమానం, అది శాన్‌ఫ్రాన్సిస్కోది. ఊపిరి పీల్చుకుని ఆ కాగితాలన్నీ వాళ్లకు పంపాను. రెండు రోజులకు జవాబొచ్చింది. మీరు పంపిన కాగితాల్లోని విమానం మా క్లెయిమ్‌కు సంబంధించినది కాదు, దానికి విడిగా క్లెయిమ్ వేయాలనుకుంటే ఈ లింక్ నొక్కండి అని రాశారు. కింద పాత ఫీజు అలాగే ఉంది.

తప్పు ఎక్కడుందో వెతికి పట్టుకోవడమే నా ఉద్యోగం. ఒక బ్యాంకుకు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. అలాంటిది, ఆ జవాబు చదివాక నేను అడిగిందేమిటో, వాళ్లు చెప్పిందేమిటో కాసేపు నాకే అర్థం కాలేదు. క్లెయిమ్ మొత్తం కాపీ పంపమని మళ్లీ రాశాను. అందులో నలుగురు ప్రయాణికులున్నారు. నా పేరు, దాని కింద ఇద్దరు మగపిల్లల పేర్లు, ఆ కింద ఎవరో పెద్దావిడదిలా ఉన్న పాతకాలపు పేరు. నాకున్నది ఒక్క ఆడపిల్ల. ఆ పెద్దావిడ ఎవరో నాకు తెలియదు. ఆ మగపిల్లల పేర్లు మాత్రం ఎక్కడో చదివినట్టనిపించింది.

ఆఫీసులో మధ్యాహ్నం భోజనం చేస్తుండగా గుర్తొచ్చింది. అవి నా మెయిల్‌లోనే చదివాను.

నా పేరే ఉన్న ఆవిడ ఒకరు కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉన్నారు. ఆవిడ మెయిల్ ఐడీ నాదే, కాకపోతే చివర రెండంకెలు ఉంటాయి కాబోలు. ఎవరైనా ఆ అంకెలు మరిచిపోతే ఆవిడకు రావలసినవి నాకొస్తాయి. పిల్లల ఈత క్లాసు ఫలానా రోజు లేదని, చీరకు ఫాల్ కుట్టడం అయిపోయిందని, పళ్ల డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ ఉందని. వచ్చినప్పుడల్లా ఆవిడ నేను కాదని పంపినవాళ్లకు రాసేదాన్ని. కొందరు సరిచేసుకున్నారు, కొందరు పట్టించుకోలేదు. ఆ పిల్లలిద్దరి పేర్లూ ఈత క్లాసు వాళ్ల మెయిళ్లలోవే.

ఆవిడ ఫోన్ నంబర్ నాకు తెలియదు. పళ్ల డాక్టరు ఆఫీసుకు ఫోన్ చేశాను. అక్కడి రిసెప్షనిస్టు పేరడిగితే చెప్పాను. అపాయింట్‌మెంట్ మార్చుకోవాలా అని అడిగింది. ఆ పేషెంటును నేను కాదు, ఆ పేషెంటుతో మాట్లాడాలి అన్నాను. మరి మీ పేరేమిటని అడిగింది. మళ్లీ అదే పేరు చెప్పాను. పేషెంట్ల నంబర్లు తాము ఇవ్వకూడదని చెప్పి, నా నంబర్ ఆవిడకు అందజేయడానికి చివరికి ఒప్పుకుంది.

శనివారం మా అమ్మాయిని డాన్స్ క్లాసులో దించి కార్లో కూర్చుని ఉంటే ఫోన్ మోగింది. అవతలి గొంతు కొంచెం తడబడింది.

"హలో అండి. డెంటిస్ట్ వాళ్లు మీ నంబర్ ఇచ్చిండ్రు. మీ పేరు కూడా నా పేరేనట గదా?"

అవునండీ అన్నాను. ఇద్దరం నవ్వాం. ఏ ఊరంటే ఏ ఊరనుకున్నాం. ఆవిడది వరంగల్, నాది కాకినాడ. ఇంటిపేర్లు కలిశాయి కదా, ఏమైనా బంధువులమా అని కాసేపు తాతల దాకా వెళ్లి చూశాం, కాలేదు. తర్వాత క్లెయిమ్ సంగతి చెప్పాను. ఆవిడ అంతా విని, పరిహారం తనకు వచ్చిన మాట నిజమేనంది. ఇంటికొచ్చిన వారంలోనే తానే విమాన కంపెనీ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు రాసిందట. వాళ్లు సారీ చెప్పి డబ్బు పంపారట. మధ్యలో ఇంకో కంపెనీ ఉందన్న సంగతే తెలియదంది.

మరి ఆ సంతకం ఎవరిదని అడిగాను.

ఆవిడ ఆలోచించి ఆలోచించి చెప్పింది. ఆ రోజు విమానం ఆగిపోయినప్పుడు హోటల్ గదుల కోసం పెద్ద లైన్ ఉందట. ఎవరో వాట్సాప్ గ్రూప్ పెట్టి అందరినీ కలిపారట. అందులో ఒక లింక్ వచ్చిందట, గది కావాలంటే ఇది నింపండి అని. పిల్లలిద్దరూ ఆకలికి ఏడుస్తుంటే తాను గబగబా టికెట్ నంబరు, మెయిల్ ఐడీ కొట్టిందట. సంతకం చేసిందో లేదో మాత్రం గుర్తు లేదంది. గదైతే రాలేదు.

"ఎవరో పెద్దావిడ పేరు కూడా ఉందండీ అందులో, మీ అత్తగారా? ఆవిడ కూడా నింపారా?" అన్నాను.

"మా అత్తమ్మనా? ఆమె అసలు ఫ్లైట్ ఎక్కనే లేదండి. జ్వరమొచ్చి హైదరాబాద్‌లనే ఆగిపోయింది. టికెట్ క్యాన్సల్ చేసినం."

ఆ మాటతో నా తలలో ఏదో కొంచెం సర్దుకుంది. ఎక్కని మనిషికి విమానం ఆలస్యమైందని క్లెయిమ్ వేశారంటే, వాళ్లు ఎవరినీ ఏమీ అడగలేదు. టికెట్ నంబరుతో ఎన్ని పేర్లు దొరికితే అన్ని పేర్లూ రాసుకున్నారు. ఆవిడ తొందరలో కొట్టిన మెయిల్ ఐడీలో అంకెలు పోయి, ఫీజు అడగడానికి నా దగ్గరికి వచ్చారు.

అయితే ఆ లింకులో ఆవిడ సంతకం చేసి ఉంటే, అది ఒప్పుకున్నట్టే కదా? ఈ ప్రశ్న ఇద్దరికీ వచ్చింది. గది కోసమనుకుని గీసిన గీత ఒప్పందం అవుతుందా? ఆవిడ వాళ్లాయన అవుతుందన్నారట, మా ఆయన కాదన్నారు. మరుసటి వారం ఇద్దరూ అభిప్రాయాలు మార్చుకున్నారు.

ఇద్దరం కలిసి రాయాలనుకున్నాం. ఫోన్‌లో మాట్లాడుకుంటూనే రెండు మెయిళ్లు రాశాం. నాదాంట్లో, ఆ ప్రయాణికురాలిని నేను కాదు, నా వివరాలు తీసేయండి అని. ఆవిడదాంట్లో, నా క్లెయిమ్ నేనే వేసుకున్నాను, మీరు వేసింది నాకు తెలియదు, మా అత్తగారు ప్రయాణమే చేయలేదు, ఆమె ఎప్పుడు అనుమతిచ్చారో చూపించండి అని. మా రాష్ట్రంలో నేను, వాళ్ల రాష్ట్రంలో ఆవిడ, అటార్నీ జనరల్ ఆఫీసులో వినియోగదారుల ఫిర్యాదు కూడా పెట్టాం.

తర్వాత వచ్చిన జవాబులు చూస్తే నాకు మళ్లీ మొదటికొచ్చినట్టనిపించింది. ఆవిడ రాసినదానికి జవాబు నాకొచ్చింది. నేను రాసినదానికి ఆవిడకు కృతజ్ఞతలు చెప్పారు. ఒక మెయిల్‌లో, మీరు ఇంతకుముందు ప్రయాణించలేదన్నారు, ఇప్పుడు ప్రయాణించానంటున్నారు, దయచేసి స్పష్టం చేయండి అని అడిగారు. నేను ఫోన్ చేస్తే ఈసారి ఒకమ్మాయి ఎత్తింది. ఇద్దరు మనుషులమని చెప్పాను. మీరిద్దరూ ఒకే లైన్‌లో ఉండగా ఫోన్ చేయగలరా అని అడిగింది.

చేశాం. నేను ముందు పేరు చెప్పాను, తర్వాత ఆవిడ చెప్పింది. పుట్టినరోజులు వేరే, ఊళ్లు వేరే. ఆ అమ్మాయి టైప్ చేస్తున్న చప్పుడు వినిపించింది. ఫ్రీమాంట్ ఆవిడ ఇంగ్లిష్‌లో చాలా నెమ్మదిగా, తన అత్తగారి సంతకం చూపించమని అడిగింది. ఆ అమ్మాయి వెతికి, ఆ ప్రయాణికురాలికి విడిగా సంతకం కనిపించడం లేదంది. మరి ఆమె తరఫున ఎలా వేశారని అడిగితే, పై అధికారితో మాట్లాడి చెబుతానంది.

దసరా సెలవు లేని ఒక మామూలు దసరా రోజున, ఆఫీసు మీటింగులో ఉండగా మెయిల్ వచ్చింది. సుహృద్భావంతో ఈ ఫైలు మూసేస్తున్నామని, ఇక ఏమీ కట్టనక్కర్లేదని రాశారు. తప్పు తమదని గానీ, నాదని గానీ, ఆవిడదని గానీ ఎక్కడా లేదు. పైన ఎప్పటిలాగే మా ఇద్దరి పేరూ అయిన ఆ ఒక్క పేరు. అది నన్ను ఉద్దేశించి రాశారో, ఆవిడను ఉద్దేశించి రాశారో తెలియక, ఆవిడకు పంపాను.

ఆవిడ వెంటనే ఫోన్ చేసింది.

"ఇది మీకా అక్కా, నాకా?"

"తెలియట్లేదు. నువ్వూ దాచుకో, నేనూ దాచుకుంటాను."

ఫిర్యాదు ఆఫీసు నుంచి మాత్రం నాకు, ఆవిడకు వేరువేరుగా కాగితాలు వచ్చాయి, కంపెనీ తన వాదన ఉపసంహరించుకుందని. దాంతో మా ఆయన స్థిమితపడ్డారు. ఆ వేలి సంతకం ఎవరు చేశారో ఆవిడకూ గుర్తు రాలేదు, నాకూ తెలియదు. ఒకసారి వీడియో కాల్‌లో వాళ్ల అత్తగారు కూడా వచ్చి కూర్చున్నారు. కథంతా మొదటినుంచి చెప్పించుకుని విన్నారు. అయిపోయాక కోడలివైపు తిరిగి, ఇంతకూ ఆ డబ్బులు నాకు కూడా వచ్చినయా అని అడిగారు. ఆవిడ నా వైపు చూసింది. నేను ఆవిడ వైపు చూశాను. విమాన కంపెనీ ఎంతమందికి లెక్కగట్టి పంపిందో మేం ఎవరమూ అడగలేదు.