వెలుగోడులో నీళ్లకు దిగినప్పుడు

నా భార్య నర్సు. రెండేళ్ల కిందట ఆమెకు శనివారాలు రాత్రి డ్యూటీ వేశారు. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ఇంటికి వచ్చి, స్నానం చేసి, రెండు ఇడ్లీలు తిని పడుకునేది. నంద్యాలలో మా ఇల్లు రెండు గదులు. అప్పటికి పాపకు ఆరేళ్లు, బాబుకు మూడేళ్లు. వాళ్లిద్దరూ ఉన్న ఇంట్లో పగటిపూట ఎవరూ నిద్రపోలేరు. ఫోన్లో బొమ్మలు పెట్టి ఇద్దరినీ మూల కూర్చోబెట్టేవాణ్ణి. సాయంత్రానికి వాళ్ల కళ్లు ఎర్రబడేవి. నాది కళ్లద్దాల అంగడి. ఊళ్లోవాళ్ల పిల్లలకు ఫోను చూపించొద్దని వారమంతా చెప్పి, ఆదివారం నా పిల్లలకు నేనే చూపించడం నాకే సిగ్గుగా ఉండేది.

ఒక ఆదివారం ఇద్దరినీ తీసుకుని మహానంది బస్సెక్కాను. ఆ తర్వాత అదే అలవాటైంది. సంచిలో రెండు తువ్వాళ్లు, మార్చే బట్టలు, చిత్రాన్నం డబ్బా, బాబుకు బస్సు పడదు కాబట్టి వాంతుల మందు. అరటి తోటలు మొదలయ్యేసరికి కిటికీలోంచి చల్లగాలి వచ్చేది. పిల్లలు సీట్లో నిలబడి అరిచేవాళ్లు. ఇంట్లో ఆదివారాలు నోటి మీద వేలేసుకుని తిరిగిన పిల్లలు అట్లా గొంతెత్తి అరుస్తుంటే నేను ఆపేవాణ్ణి కాదు.

గుడి కోనేటి నీళ్లలో ఆడాక బాబు బట్టలు నేను మార్చేవాణ్ణి. పాపను మాత్రం ఆడవాళ్ల గది దగ్గరికి తీసుకుపోయి, ఎవరో ఒక పెద్దామెను చూసి, "అమ్మా, కొంచెం పాపకు గౌను తొడుగుతారా?" అని అడిగేవాణ్ణి. కాదన్నవాళ్లు లేరు. గుమ్మం బయట బాబును చంకనెత్తుకుని నిలబడేవాణ్ణి.

మూడో ఆదివారం ఆ గదిలోంచి వచ్చిన పాప జుట్టులో ఎర్ర క్లిప్పు ఉంది. అది మేము కొన్నది కాదు.

"యాడిదే ఇది?"

"ఒక అవ్వ ఇచ్చింది."

"ఎందుకు?"

"ఊరికే."

తర్వాతి వారం సగం బిస్కెట్ల ప్యాకెట్టు. ఆ తర్వాత రెండు జామకాయలు. ఇంకో వారం చేతికి సరిగ్గా సరిపోయే ఆకుపచ్చ గాజులు. ఎప్పుడడిగినా అదే మాట, ఊరికే.

నేను ఊరికే అన్న మాటను నమ్మే మనిషిని కాదు. అంగడికి వచ్చేవాళ్లలో కొందరు గోడ మీది అక్షరాల పట్టీని కంటితో చదవరు. ముందు మనిషి చదివింది విని కంఠతా పట్టి అప్పజెబుతారు. అందుకే నేను మధ్యలో అక్షరాన్ని వేలితో చూపించి అడుగుతాను. అట్లా అడిగీ అడిగీ ఎవరేం చెప్పినా వెనకాల ఇంకేదో ఉందనే చూపు నాకు అలవాటైపోయింది.

బస్సులో ఆడవాళ్ల చూపులు కూడా మారాయి. నన్ను చూసి గుసగుసలాడి, నేను తల తిప్పగానే మాట ఆపేసేవాళ్లు. ఒకామె దిగబోతూ పాప తల నిమిరి, నా వైపు తిరిగి, "గట్టిగుండప్పా" అంది. బస్సు కుదుపుకు చెబుతోందేమోనని పైనున్న కడ్డీ పట్టుకున్నాను.

వాళ్లందరికంటే నాకు ఎక్కువ అనుమానం కండక్టరు మీద. నలభై దాటిన మనిషి. చీర మీద ఖాకీ చొక్కా, చేతిలో టికెట్ల మిషను. దాదాపు ప్రతి ఆదివారం ఆమే ఉండేది. టికెట్టు కొట్టి ఊరుకోదు.

"పాప ఏ బళ్లో చదువుతాండాదప్పా? మీ ఇల్లు యాడ?"

మా ఇంటితో ఈమెకేం పని అనిపించింది. "స్టేషను దగ్గర" అని అబద్ధం చెప్పాను.

"కాదు, మార్కెట్టు వెనకాల" అంది పాప గట్టిగా.

కండక్టరు నన్నూ పాపనూ మార్చి మార్చి చూసి వెనక సీట్లకు పోయింది. తిరుగు ప్రయాణంలో ఆమె కళ్లు నా మీదే ఉన్నాయి.

ఆ రోజు గాజుల సంగతి నా భార్యకు చెప్పాను. ఆమెకు నిద్రమత్తు వదిలిపోయింది. "ఊరికే గాజులు ఎవరిస్తారు? ఫోన్లకు వస్తాండే మెసేజీలు చూడలేదా? పిల్లోల్లను ఎత్తుకపోయేటోల్లు మొదట ఇట్లనే మచ్చిక చేసుకుంటారంట" అంది. పాపను కూర్చోబెట్టి, ఎవరేమిచ్చినా తీసుకోవద్దని ఒట్టు వేయించుకుంది. నేను మహానంది మానేద్దామని నిర్ణయించుకున్నాను. ఆత్మకూరు దాకా పోయి, అక్కడి నుంచి అడవి మొదలయ్యే చోటు చూపించి, కోతులకు దూరంగా కూర్చుని అన్నం తిని వచ్చేద్దామనుకున్నాను. ఆ బస్సులో మమ్మల్ని ఎరిగినవాళ్లు ఉండరు.

బస్సు కదిలాక వెనక నుంచి టికెట్లు కొట్టుకుంటూ వచ్చింది ఆ కండక్టరే.

ఇద్దరం ఒకేసారి ఉలిక్కిపడ్డాం.

"నాకు ఈ వారం డ్యూటీ ఇటేసినారు. మీరూ ఇటు వస్తాండారా?" అంది.

"పిల్లలకు అడవి చూపిద్దామని."

"అడివా?" నా ఒళ్లో బాబును చూసింది. మందు పడ్డాక వాడు మెడ వాల్చేసి నిద్రపోతాడు. "పిల్లోడేంది అట్ల పడిపోయినాడు? ఏం తాపినావు?"

"వాంతుల మందక్కా." సంచిలోంచి సీసా తీసి చూపించాను. చేతిలోకి తీసుకుని అక్షరాలు చదివింది. సీసా ఇచ్చేసింది గాని ముందుకు పోలేదు. మా పక్కనే కడ్డీకి ఆనుకుని నిలబడింది. వీళ్లకేదో ముఠా ఉంది, మేము ఎటు పోతే అటు వస్తోంది అనుకుని నేను బాబును ఇంకా దగ్గరికి లాక్కున్నాను.

వెలుగోడులో బస్సు ఆగింది. ఎండ మండుతోంది. మా సీసాలో నీళ్లు అయిపోయాయి, పాప దాహం అంటోంది. కండక్టరు వెనక తలుపు దగ్గర ఎవరి మూటలనో ఎక్కిస్తోంది. బాబును సీట్లో పడుకోబెట్టి, "తమ్ముణ్ణి పట్టుకుని కూర్చో, నీళ్లు తెస్తా" అని పాపకు చెప్పి దిగాను. ఎదురుగా ఉన్న అంగట్లో సీసాలు లేవు. ఆ పక్క సందులో ఇంకో అంగడి ఉందన్నారు. సందు మలుపు తిరిగాను.

వెనక నుంచి ఎవరో నా చొక్కా కాలరు పట్టి లాగారు. పై గుండీ తెగి కింద పడింది.

"యాడికి పోతాండావు?" కండక్టరు. పరిగెత్తి వచ్చినట్టుంది, రొప్పుతోంది.

"నీళ్లకు."

"వాడూ నీళ్లకనే దిగినాడు."

ఎవడు దిగాడో నాకు అర్థం కాలేదు. కాలరు వదలకుండానే నన్ను బస్సు దాకా నడిపించుకొచ్చింది. డ్రైవరు దిగాడు. నలుగురు చేరారు. చెంపకు తగిలిన ఎండ కంటే ఆ చూపులు ఎక్కువ కాల్చాయి.

"ఈడనే ఇడిసిపెట్టిపోదామనుకున్యావా, అడివిలోనా?" అందామె.

"ఇడిసిపెట్టేదేందక్కా? వాళ్లు నా పిల్లలు!"

"నీ పిల్లోల్లేనని తెలుసు. అందుకే అడుగుతాండా."

నా భార్యకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఫోన్లో మేము నలుగురం ఉన్న ఫోటో వెతికి చూపించాను. "ఇదిగో, నా భార్య. ఇంట్లో ఉంది."

బస్సులోంచి దిగిన ఒకామె ఫోటో చూసి పైట నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, ఎంత చక్కగుండాది మహాతల్లి. ఉన్నప్పటి ఫోటో."

"ఉన్నప్పటిదేంది? ఇప్పుడూ ఉంది!"

"ఏమప్పా, సచ్చిపోయిన మనిషిని ఉందంటావు" అంది కండక్టరు. "మీ పాపే చెప్పింది గదా. మహానంది బస్సులో ఆడోల్లందరికీ తెలుసు."

పైకి చూస్తే పాప కిటికీ ఊచలు పట్టుకుని, ముఖమంతా కళ్లు చేసుకుని మమ్మల్నే చూస్తోంది.

కండక్టరు బస్సెక్కి పాప పక్కన కూర్చుంది. నేను మెట్టు మీద నిలబడ్డాను. ఆమె గొంతు మారిపోయింది.

"బుజ్జమ్మా, మీ అమ్మ యాడుండాది? నిజం చెప్పు. ఎవరూ కొట్టరు."

"ఇంట్లో. పండుకుంది."

"మరి లేదని ఎందుకు చెప్పినావు?"

పాప కిటికీ ఊచను వదల్లేదు. "నేను లేదని చెప్పల్యా. మీ అమ్మ యాడ అని అవ్వ అడిగింది. పండుకుంది, ఎంత పిల్చినా లేయదు అన్యా. అవ్వ ఏడ్సి క్లిప్పు ఇచ్చింది."

"తర్వాత?"

"తర్వాత వాళ్లే అడుగుతాన్యారు, అమ్మ లేదా అని. నేను తల ఊపితిని."

ఏడ్చేసింది. ఆ ఏడుపుకు బాబు లేచి, వాడూ మొదలుపెట్టాడు. అప్పుడు నా ఫోను మోగింది. నేను స్పీకరు నొక్కాను.

"ఏమైంది? ఇన్నిసార్లు చేసినారు? పిల్లోల్లకేమన్నా అయిందా?" నిద్రలోంచి లేచిన బొంగురు గొంతు.

కండక్టరు నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "ఏమ్మా, నువ్వు ఈ పాప తల్లివేనా?"

"అవును. నువ్వెవరు? నా మొగుని ఫోను నీ కాడెందుకుండాది?"

డ్రైవరు ముందు నవ్వాడు. తర్వాత బస్సంతా నవ్వింది. కండక్టరు నవ్వలేదు. ఫోన్ నా చేతిలో పెట్టి, తలుపు దగ్గరికి పోయి విజిల్ ఊదింది. పాపకు నీళ్లు ఎవరిచ్చారో నాకు గుర్తు లేదు. మిగిలిన దారిలో నేను నా భార్యకు జరిగింది చెప్పుకుంటూ కూర్చున్నాను. తెగిన గుండీ చోట చొక్కాను చేత్తో పట్టుకునే ఉన్నాను.

ఆత్మకూరులో అడవి దాకా పోవాలనిపించలేదు. బస్టాండులో బెంచీ మీద డబ్బా తెరిచి పిల్లలకు తినిపిస్తున్నాను. కండక్టరు రెండు టీలు పట్టుకుని వచ్చి ఒకటి నాకిచ్చి, బెంచీ చివర కూర్చుంది.

"వేరే డిపోలో ఉన్యప్పుడు" అంది, నన్ను చూడకుండా. "ఒకడు బిడ్డనెత్తుకుని ఎక్కినాడు. ఇంతే ఉంటాది, మీ పిల్లోనంత. నిద్రపోతాండాది. నడుమ ఒక ఊర్లో, నీళ్లు తెస్తానక్కా, జర చూస్తాండు అని దిగిపాయ. వాడు దిగినాడని నాకు మతికి లేక రైట్ చెప్పేస్తి. ఆఖరి స్టాపులో బిడ్డ లేసింది. ఆ బిడ్డ కోసరం ఎవరూ రాల్యా."

"ఆ పాప ఇప్పుడు యాడుంది?"

"పోలీసోల్లు హోములో పెట్టినారు. నాలుగుసార్లు పోయి చూసొస్తి. ఐదోసారి పోతే, యాడికో మార్చినామనిరి."

కాలరు పట్టి లాగినప్పటి కోపం నాలో ఇంకా ఉంది. ఏం చేయాలో తెలియక టీ తాగాను. కాసేపటికి, "మా ఇల్లు స్టేషను దగ్గర కాదక్కా. ఆ రోజు అబద్ధం చెప్పినా" అన్నాను.

"తెలుసు. పాప చెప్పింది గదా, మార్కెట్టు వెనక అని." లేచి గ్లాసులు తీసుకుని వెళ్లిపోయింది. క్షమించమని ఆమె అనలేదు, నేనూ అనలేదు. అదే బస్సులో వెనక్కి వచ్చాం. ఈసారి ఆమె మా సీటు దగ్గర నిలబడలేదు.

ఇంటికి వచ్చాక నా భార్య పాపను తిట్టలేదు. ఒళ్లో కూర్చోబెట్టుకుని జడ విప్పి, మళ్లీ అల్లి, మళ్లీ విప్పింది. "ఎంత పిల్చినా లేయనా నేను?" అని ఒకసారి అడిగింది. మరుసటి రోజు ఆమె ఆసుపత్రిలో ఎవరితోనో మాట్లాడి, నెలకు ఒక శనివారం డ్యూటీ మార్పించుకుంది.

ఆ మొదటి ఖాళీ ఆదివారం నలుగురం మహానందికి పోయాం. నీళ్లలో ఆడాక పాపను తీసుకుని నా భార్యే ఆడవాళ్ల గదిలోకి పోయింది. బయటికి వచ్చినప్పుడు ఆమె ముఖం చిత్రంగా ఉంది. లోపల ఏం జరిగిందో బస్సు కోసం నిలబడ్డప్పుడు చెప్పింది. ఒక పెద్దామె పాపను గుర్తుపట్టి, నా భార్యను కింది నుంచి పై దాకా చూసి, పాప చెవి దగ్గర వంగి, "ఈమె నిన్ను బాగా చూసుకుంటాందా తల్లీ?" అని అడిగిందట. పాప వెంటనే, "ఈమె మా అమ్మే. అప్పుడు నేను అబద్ధం చెప్పినా" అందట.

"అప్పుడామె ఏమనింది?" అన్నాను.

"నమ్మల్యా. 'అట్లనే అనాల బంగారూ, అమ్మ అనే పిలవాల' అని, నా గడ్డం పట్టుకుని, 'మంచిదానివి, దేవుడు నిన్ను సల్లగ చూడాల' అనె."

నవ్వుతూనే చెప్పింది గాని, కళ్లు తుడుచుకుంది. బస్సు వచ్చింది. పిల్లలను ముందు ఎక్కించి, మెట్టు మీద ఆగి నా వైపు తిరిగింది.

"ఈ బస్సులో ఇంకా ఎంతమందుండారు, నేను పోయినాననుకునేటోల్లు?"

నేను లోపలికి తొంగి చూశాను. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు అప్పటికే మా వైపు చూస్తున్నారు. తెలియదన్నాను.