కోలాటానికి వచ్చిన నోటీసు

కాటన్‌పేటలో నలభై ఏళ్ళు గోనెసంచులు అమ్మాను. నా దగ్గర సంచులు కొనే రైతు మునెప్ప, హెబ్బగోడి అవతల తన పల్లెలో కోలాటం గురువు. ఆదివారం ఆట చూడటానికి రమ్మని ఏటా పిలిచేవాడు. అంగడి వదిలి వెళ్ళడం నా వల్ల కాలేదు. ఇప్పుడు అంగడి లేదు కాబట్టి మొన్న ఆదివారం బయలుదేరాను.

మధ్యాహ్నం రెండింటికి చిక్కపేటలో మెట్రో ఎక్కి, ఆర్‌వీ రోడ్డులో రైలు మారి, హెబ్బగోడిలో దిగేసరికి మూడున్నర. టికెట్టు ఎనభై రూపాయల దాకా అయింది. మా నాన్న ఈ దారినే ఎడ్లబండిలో చింతపండు కొనడానికి వచ్చేవాడు. ఒక ఎద్దుకు కలెక్టరని పేరు పెట్టుకున్నాడు, ఎంత మొత్తుకున్నా కదిలేది కాదని. సరే, ఎద్దు సంగతి వదిలేద్దాం. ఆటోవాడు నూట యాభై అడిగి, ఊరి పేరు వినగానే, "మాట్లాడేదేమన్నా ఉంటే ఈడే మాట్లాడేయి తాతా, ఆడ వినపడదు," అన్నాడు.

నిజమే. ఊరివాళ్ళు పంట నూర్చుకునే, కోలాటం ఆడే కళం పక్కనే ఇనుమును సాగగొట్టే ఫ్యాక్టరీ. అందులో యంత్రం సుత్తి పడినప్పుడల్లా కాళ్ళ కింద నేల అదురుతుంది. ఆరబోసిన రాగుల మీద మసి రాలుతుంది. కోలాటానికి పాట పాడే నారాయణమ్మ చరణానికి రెండుసార్లు దగ్గుతుంది. ఫ్యాక్టరీకి ఆదివారమూ సెలవు లేదు.

మునెప్ప నా చెవి దగ్గర నోరు పెట్టి జరిగింది చెప్పాడు. ఫ్యాక్టరీ మీద ఊరంతా అర్జీ ఇస్తే చప్పుడు కొలిచే అధికారి వచ్చాడట. ఆ రోజే రిపేరని ఫ్యాక్టరీలో సుత్తులు ఆపేశారు. ఊరివాళ్ళు మాత్రం పదహారు మంది కోలలతో ఎదురువెళ్ళారు.

"ఎవురొచ్చినా మేము కోలాటంతోనే గదప్పా పిల్చుకొచ్చేది. ఆయప్ప నగుతానే చప్పుడు కొలిచే మిషను మా నడుమ పెట్టినాడు. బాగుండాది, ఇంకోసారి ఆడండి అన్నాడు. ఆడితిమి."

నెల తిరక్కముందే నోటీసు వచ్చింది. ఈ చోట హద్దు మీరిన చప్పుడు కోలాటానిదేనట. మళ్ళీ మీరితే కళంలో ఆటే ఉండదట. జవాబు నేను రాసిస్తానన్నాను.

"రాస్తే మళ్ళా కొలిచేకి వస్తాడు," అన్నాడు మునెప్ప.

ఐదింటికి ఆట మొదలైంది. ప్రతి కోలకూ పాత చీర పేలికలు చుట్టారు. పదహారు మంది తిరిగారు, వంగారు, కోలలు కలిశాయి, చప్పుడు రాలేదు. పాట వినపడక అందరూ మునెప్ప కాళ్ళనే చూస్తూ అడుగు వేస్తున్నారు. కాసేపటికి ఒకతను గురువు అడుగు వదిలేసి సుత్తి దెబ్బకు అడుగు వేశాడు. తర్వాత అతని పక్కవాడు. చూస్తుండగానే వరుసంతా సుత్తితో కలిసిపోయింది. మునెప్ప కోలలు కింద పెట్టి, వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

బడికి పోలేదు నేను. సంచుల మీది అచ్చు కూడబలుక్కునే చదువు నేర్చుకున్నాను. అచ్చులో ఉన్నదంతా నిజమేనని చాలా ఏళ్ళు నమ్మాను. ఆ నోటీసు కూడా అచ్చులోనే ఉంది, కింద ముద్రతో సహా.

మీరూ చూడాలనుకుంటే వచ్చే ఆదివారమే వెళ్ళండి, ఐదింటి లోపు చేరండి. ఆ తర్వాతి ఆదివారం సంగతి నేను చెప్పలేను.