పల్లవి దగ్గరే మోగిన గంట

మా పాఠశాల సంగీతం సారు గత మంగళవారం ఉదయం చొప్పదండిలో, తమ స్వగృహంలో కాలధర్మం చెందారు. ఈ విషయం నాకు ఏ కాగితం ద్వారానూ అందలేదు. చొప్పదండి పోయే బస్సులో టికెట్టు చించి ఇస్తూ కండక్టరు చెప్పాడు. "మున్షీ సాబ్, మన పాటల సారు ఇయ్యాల పొద్దుగాల పోయిండు. ఎరుకేనా?" అతడు ఆయన పాత విద్యార్థి. నేను దిగవలసిన ఊరు దాటిపోయింది. అతడూ చెప్పలేదు, నేనూ చూసుకోలేదు.

సారును గురించి రాయడానికి నాకు ఒక అర్హత, ఒక అనర్హత ఉన్నాయి. ఆ బడిలో గుమాస్తాగా ఆయన సెలవు చిట్టీలన్నీ అందుకున్నవాడిని కావడం అర్హత. ఆయన బోధనకు అడ్డం పడిన ఉత్తర్వును స్వహస్తాలతో రాసినవాడిని కావడం అనర్హత.

హైదరాబాదు రాష్ట్రం ఇంకా ఉన్న రోజుల్లో ఆయన మా బడికి వచ్చారు. అప్పుడు సంగీతం తరగతికి ఉన్న సామగ్రి ఆయన గొంతు, పిల్లల అరచేతులు. కొంతకాలానికి రైసుమిల్లు సావుకారు ఒక హార్మోనియం దానం చేశారు. సారు దాని మీద మొదటి షడ్జమం నొక్కిన నాడు, పక్క తరగతి పిల్లలు లెక్క సగంలో లేచి వచ్చి కిటికీ చువ్వలు పట్టుకున్నారు. వాళ్లను వెనక్కి పిలవడానికి వచ్చిన లెక్కల సారు కూడా అక్కడే నిలబడిపోయారు. అది గొప్ప దానమని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

సావుకారు ప్రతిఫలం ఏమీ కోరలేదు. కృతజ్ఞత చూపాలన్న ఆలోచన పూర్తిగా కార్యాలయానిది. ప్రతి సంగీతం తరగతి మొదట పిల్లలు లేచి నిలబడి దాతగారి పేరు, తండ్రి పేరు, గ్రామము, వృత్తి పలికి, వారికి దీర్ఘాయువు కోరవలెనని పెద్దసారు సెలవివ్వగా నేను ఉత్తర్వు రాశాను. వాక్యనిర్మాణం బాగుందని వారు మెచ్చుకున్నారు కూడా.

సంగతి ఊరంతా పాకింది. దాతృత్వం పొంగింది. తబలా జోడీ ఇచ్చిన కల్లు గుత్తేదారు, జంపఖానా ఇచ్చిన నేత మేస్త్రి, గోడగడియారం ఇచ్చిన బెల్లంపల్లి బొగ్గు కాంట్రాక్టరు, ఇట్లా ఒక్కొక్కరికీ పేరు, తండ్రి పేరు, గ్రామము, వృత్తి, దీర్ఘాయువు. సంగీత బోధన ఏటేటా సుసంపన్నం కాసాగింది. వందనాలు ముగిసేసరికి పాటకు ఎంత సమయం మిగిలిందో చూసుకోవడానికి ఆ గడియారం బాగా ఉపయోగపడింది.

ఒకనాడు సారు తొందరలో నేత మేస్త్రి పేరు వదిలేశారు. మరుసటి తరగతి నడుస్తుండగా మేస్త్రి స్వయంగా వచ్చి, పిల్లలు కూర్చుని ఉండగానే జంపఖానా కొస పట్టుకుని చుట్టడం మొదలుపెట్టాడు.

"మేస్త్రీ, జర ఆగు. పోరగాండ్లు పడతరు."

"నా జంపఖానా మీద కూసుంటరు గని, నా పేరెత్తరా సారూ? మిల్లు సేటు పేరైతే రాగం తీసి మరీ పలుకుతుండ్రట!"

"నీ పేరుకు గూడ రాగం కడత. కూసో. ఎట్లాంటిది గావాలె?"

మేస్త్రి కాసేపు ఆలోచించి, చుట్టిన కొస మీదనే కూర్చున్నాడు. "సేటుదాని కన్న జర పొడుగుది," అన్నాడు.

ఆనాటి నుంచి దాతలందరి పేర్లూ రాగయుక్తమయ్యాయి. సమయం ఇంకొంచెం పట్టింది.

సారుకు ఉన్న కోరిక చిన్నది. వాళ్ల అవ్వ నాట్లేస్తూ పాడిన పాట ఒకటి పిల్లలకు మొదటి నుంచి చివరి దాకా నేర్పాలి. ఒక పల్లవి, నాలుగు చరణాలు. ఆమె పోయాక ఆ పాట ఆయన ఒక్కరికే తెలుసు. ప్రతి వారం పల్లవి పూర్తయ్యేది. చరణం ఎత్తుకోవడానికి ఆయన ఊపిరి తీసుకునేవారు. గంట మోగేది. మళ్లీ వారానికి పిల్లలు మరిచిపోయేవారు కనుక మళ్లీ పల్లవి. బడి వదిలాక నేర్పుదామంటే వాళ్లకు మగ్గాలున్నాయి, పొలాలున్నాయి.

ఏటా బడి తెరిచిన రోజున, బుగ్గన లవంగం పెట్టుకుని ఆయన నా బల్ల దగ్గరికి వచ్చేవారు.

"మున్షీ సాబ్, ఈ ఏడన్న గా పేర్లు జర తక్కువ చెయ్యరాదా?"

"మీది నుంచి ఉత్తర్వు రావాలె సారూ."

"మీదంటే ఎవ్వలు?"

నేను పైకప్పు వైపు చూసేవాడిని. ఆయన కూడా చూసేవారు. అక్కడ పెంకులుండేవి.

నిజానికి నేనేది రాస్తే పెద్దసారు దాని మీద సంతకం చేసేవారు. కానీ ఏ పేరు కొట్టివేయను? హార్మోనియం పోతే శ్రుతి పోతుంది. జంపఖానా పోతే చలికాలంలో పిల్లలు బండల మీద కూర్చోవాలి. అందుకని ఒకసారి, పాట చెబితే రాసుకుని దస్త్రంలో భద్రపరుస్తానన్నాను.

"రాస్తే అది పాట గాదు మున్షీ సాబ్, చిట్టీ అయితది. మా అవ్వకు చదువే రాదు, చిట్టీ ఎట్ల రాస్తది?"

పిల్లలతో మాత్రం తరచు ఒక మాట అనేవారు. "గొంతు ఎవ్వలూ దానమిచ్చింది గాదు బిడ్డా. దానికి ఎవ్వలకూ దండం పెట్టే పని లేదు. పాడు." దీనిపై నేను ఏ చర్యా తీసుకోలేదు.

ఆంధ్రప్రదేశ్ వచ్చింది. బడి ముందరి బోర్డు మార్చాము. దాతల పట్టికను యథాతథంగా కొనసాగించాము.

సారు పదవీ విరమణ సభలో పాట మొత్తం చెప్పి పిల్లల చేత పాడించుకోవచ్చునని పెద్దసారు ప్రత్యేక అనుమతి ఇచ్చారు. దాతలందరూ సభకు విచ్చేశారు. వచ్చినవారి పేర్లు చదవకపోవడం మాకు మర్యాద కాదు. పేరు చదివాక రెండు మాటలు మాట్లాడకపోవడం వారికి మర్యాద కాదు. మెడలో దండలతోనే సారు పిల్లల చేత పల్లవి పాడించారు. బయట చొప్పదండి బస్సు హారను కొట్టింది. ఆ ఊరికి ఆనాటికి అదే ఆఖరు బస్సు. ఆయన ఎక్కి వెళ్లిపోయారు.

మంగళవారం నేను చేరేసరికి పాడె లేస్తున్నది. మోస్తున్నవారు పాత విద్యార్థులు, ఒక్కొక్కరు ఒక్కొక్క ఏడు చదివినవారు. ఎవరో పల్లవి ఎత్తుకున్నారు. అందరికీ వచ్చినది అదొక్కటే, అందరూ అందుకున్నారు. శ్రుతి ఎక్కడా తప్పలేదు. పల్లవి ముగిశాక, ఆయన నేర్పినట్టే అందరూ ఒక్కసారి ఊపిరి తీసుకున్నారు. ఆ తర్వాత ఎవరి దగ్గరా మాట లేదు.

సావుకారు చేతికర్రతో నా పక్కనే నడుస్తున్నారు. "ఆపిండ్రేంది మున్షీ? మిగిలింది ఎవ్వలకు ఎరుక?"

నేను పాడె వైపు చూశాను. ఆయన కూడా చూశారు.

వాళ్లు మొదటి నుంచి ఎత్తుకున్నారు. వాగు దాటేదాకా అదే. పల్లవి, ఒక ఊపిరి, ఆపైన ఇసుకలో అడుగుల చప్పుడు.