ఖాళీగా పంపకూడని గిన్నె

మేం హవాయికి మారుతున్నామంటే డల్లాస్ పక్కనున్న కాపెల్‌లో మా స్నేహితులంతా కుళ్లుకున్నారు. డిసెంబర్‌లో కూడా స్వెట్టర్ అక్కర్లేదు, అదృష్టవంతులు అన్నారు. మేమున్న హీలోలో పూటకో వాన పడుతుందనీ, ఆరేసిన తువ్వాలు మూడు రోజులైనా ఆరదనీ అప్పటికి నాకూ తెలియదు. మావారు ఇక్కడ ఆసుపత్రిలో డాక్టరు. నాది ఇంట్లోంచి చేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆఫీసు డల్లాస్‌లో కాబట్టి అక్కడ పొద్దెక్కేసరికి ఇక్కడ ఇంకా చీకటే, ఆ చీకట్లోనే నా పని మొదలవుతుంది.

ఆ డిసెంబర్‌లో నేను కోరుకున్నది ఒక్కటే. ఇల్లినాయ్‌లో కాలేజీలో చేరిన మా అమ్మాయి మొదటిసారి సెలవులకు వస్తోంది. ఆ రెండు వారాలూ అది నాకు కావాలి. దానికి అగ్నిపర్వతం చూపించాలి, సముద్రానికి తీసుకెళ్లాలి, దారి పొడుగునా కబుర్లు చెప్పుకోవాలి. అందుకోసం ఏడాదంతా జ్వరమొచ్చినా లీవ్ పెట్టకుండా దాచుకున్నాను.

అది వచ్చిన మర్నాడే పక్కింటి ఆంటీ నీలం మూత ఉన్న గాజు గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. చెరకు తోటల్లో కూలికి జపాన్ నుంచి వచ్చినవాళ్ల మనవరాలు. భర్త పోయాక ఒక్కతే ఉంటోంది. చుట్టరికం లేకపోయినా పెద్దవాళ్లని ఆంటీ, అంకుల్ అనడం ఇక్కడా మనలాగే. అందుకని యాభైకి దగ్గరపడ్డ నేను కూడా ఆవిణ్ణి ఆంటీ అనే అంటాను.

గిన్నెలో కొబ్బరిపాలు పోసి కాల్చిన బియ్యప్పిండి కేకు ఉంది. క్రిస్మస్ రోజుల్లో ఇక్కడ ఇరుగుపొరుగు ఇలా ఒకరికొకరు పంచుకుంటారట. సంతోషంగానే తీసుకున్నాను. కానీ ఒకరి గిన్నె వాళ్లకి ఖాళీగా పంపడం మా ఇంటా వంటా లేదు. ఏమీ లేకపోతే మా అమ్మ చెంచాడు పంచదారైనా వేసి పంపేది. మర్నాడు పులిహోర కలిపి, అదే గిన్నెలో పెట్టి అమ్మాయి చేత పంపించాను.

సాయంత్రానికి గిన్నె నిండుగా తిరిగొచ్చింది. ఖాళీ గిన్నె పంపడం వాళ్ల ఇంటా వంటా కూడా లేదట.

ఈసారి చేమదుంపల కూర. దానికి జవాబుగా నేను గారెలు వేశాను. గారెలకు జవాబుగా ఆవిడ చేపల వేపుడు పంపింది. చేపలు వచ్చాక ఇంకో పులిహోరతో సరిపెడితే బాగుండదని చక్రపొంగలి వండాను. మావారికేం, డ్యూటీ నుంచి వచ్చి ఇటు వంటా అటు వంటా తిని, ఈ ఊరికి రావడం మంచిదైందని పొట్ట నిమురుకుంటూ పడుకునేవారు. నాకు ఒళ్లు మండిపోయేది. ఉన్న రెండు వారాల్లో ఒక వారం మినప్పప్పు నానబెట్టడానికీ రుబ్బడానికీ సరిపోయింది.

ఇక శ్రమ పడొద్దని ఆంటీతో గట్టిగా చెప్పిరమ్మని అమ్మాయికి ఒకటికి రెండుసార్లు చెప్పి పంపాను. అది బుద్ధిగా తల ఊపి వెళ్లేది. అక్కడ గంట కూర్చుని వచ్చేది. మర్నాడు మళ్లీ గిన్నె.

ఒకరోజు మొండికేసి అగ్నిపర్వతానికి బయల్దేరదీశాను. సగం దారిలో ఆఫీసు నుంచి కాల్. లీవ్ అంటే లీవే గానీ, ఏడాది చివరి రిలీజ్ ఒకటి మా టీమ్ మెడకు చుట్టుకుంది. కారు పక్కకు ఆపి మాట్లాడాను. అయ్యేసరికి కొండ మీద వాన, ఎదురుగా ఉన్న కారు కూడా కనపడలేదు. వెనక్కి తిరిగాం. ఇంటికొచ్చేసరికి గుమ్మంలో చెప్పుల పక్కన నీలం మూత. దాన్ని చూడగానే ఏడుపొచ్చినంత పనైంది.

క్రిస్మస్‌కి ముందు సాయంత్రం మా వీధిలో ఊరేగింపు జరిగింది. కొబ్బరి చెట్లకు లైట్లు చుట్టారు. నిక్కరు వేసుకున్న శాంటా పికప్ ట్రక్కు వెనక నిలబడి మిఠాయిలు విసురుతాడట. అట అని ఎందుకంటున్నానంటే నేను చూడలేదు. నేను పొయ్యి దగ్గర జంతికలు తీస్తున్నాను. అమ్మాయి నా పక్కన నిలబడి గొట్టంలో పిండి కూరి ఇస్తోంది. ట్రక్కు హారన్ మాత్రం వినపడింది. వెళ్లి చూడవే అంటే, పర్లేదమ్మా అని అక్కడే ఉండిపోయింది. నా వల్ల పిల్ల పండగ కూడా పాడైపోతోందని పళ్లు నూరుకున్నాను. ఆ జంతికలు తీస్తూ మా చిన్నప్పటి సంగతులు ఏవేవో చెప్పాను. అది కూడా కాలేజీలో ఎవరో అబ్బాయి గురించి చెప్పింది. ఆ కోపంలో నేను సరిగ్గా విన్నానో లేదో.

సెలవులు అయిపోవచ్చాయి. అమ్మాయి ప్రయాణం రెండు రోజుల్లోకి వచ్చింది. ఆ పొద్దున ఆంటీ చెట్టు నారింజలు నిండిన గిన్నె రాగానే నా ఓపిక తెగిపోయింది. నారింజలు బల్ల మీద కుమ్మరించి, గిన్నె కడిగి, తుడిచి, ఖాళీ గిన్నె పట్టుకుని నేనే పక్కింటికి బయల్దేరాను. వద్దమ్మా, నేను తీసుకెళ్తానని అమ్మాయి వెంటపడింది. వినలేదు. మా అమ్మ చూస్తే తిట్టిపోస్తుందనుకుంటూనే తలుపు తట్టాను.

ఆంటీ మూత తీసి ఖాళీ గిన్నెలోకి చూసింది. ఏమంటుందోనని చూస్తూ నిలబడ్డాను. ఆవిడ హాయిగా ఊపిరి వదిలి నన్ను లోపలికి రమ్మంది. తన చేతులు చూపించింది. వేళ్ల కణుపులు వాచి ఉన్నాయి. వారం నుంచీ కత్తి పట్టుకుంటే ప్రాణం పోతోందట. మరి ఎందుకు ఆపలేదంటే, నీ కూతురే ఆపొద్దంది కదా అని ఆశ్చర్యపోయింది. మా అమ్మ ఇంత సంతోషంగా ఉండగా ఎప్పుడూ చూడలేదు, మీరు పంపుతూనే ఉండండి అని రోజూ వచ్చి బతిమాలేదట. కూరలు తరిగి, గిన్నెలు కడిగి ఆవిడకు సాయం కూడా చేసేదట.

నాకు మొదట సిగ్గేసింది, తర్వాత మండుకొచ్చింది. విసవిసా ఇంటికొచ్చాను. అమ్మాయి వంటింట్లోనే నిలబడి ఉంది. అడగక ముందే దాని ముఖం చూస్తే అర్థమైంది.

"నేను చెప్పమన్నదేంటి, నువ్వు చెప్పిందేంటి? రోజంతా ఇక్కడ చచ్చేలా చాకిరీ చేయించావు కదే. నీతో బీచ్‌కెళ్దామని లీవ్ పెట్టుకున్నా, తెలుసా?"

"బీచ్‌కెళ్తే నువ్వు ఫోన్ తీస్తావమ్మా. ఆ రోజు కార్‌లో కూడా తీశావు." కోపంగా అనలేదు. బయట వాన పడుతోందన్నట్టు అంది. "చేతులకి పిండి ఉంటేనే తీయవు."

తీసినవి నాలుగో అయిదో కాల్సేననీ, అవీ తప్పక తీశాననీ, ఈ ఉద్యోగంతోనే దాని ఫీజులు కడుతున్నాననీ చెప్పడానికి నోరు తెరిచాను. అది నా వైపు చూడకుండా బల్ల మీద దొర్లిన నారింజల్ని ఏరి బుట్టలో పెడుతోంది. నా కోపం ఎక్కడికీ పోలేదు. దాని మీద చూపించడానికి లేదు, ఆంటీ మీద అసలే లేదు.

ఈ పూట గారెలు వేద్దామా అని అడిగాను. ఇప్పుడెందుకమ్మా, ఎవరికి పంపుతాం అంది. ఎవరికీ కాదు, నా చేతులకి పిండి అంటడానికి అన్నాను.