తమ్ముడి నిలువెత్తు బంగారం

ఒక కాగితం బరువెంత ఉంటుంది? ముప్పై ఏళ్లుగా తూకం వేసి బతుకుతున్నవాణ్ణి, ఆ మాత్రం చెప్పలేనా అనుకుంటారు. చెప్పలేను. నాలుగేళ్లుగా ఒక కాగితాన్ని మోస్తున్నాను. అది మా కిరాణా కొట్టులో, గోడకున్న మేడారం అమ్మవార్ల పటం వెనక, అట్టకీ గోడకీ మధ్య ఉంది. రోజూ పొద్దున ఆ పటానికే అగరుబత్తి వెలిగిస్తాను. దండం కూడా పెడతాను. ఎవరికి పెడుతున్నానో నాకే తెలియదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల ముందు నోరు పెగలడం లేదు.

హనుమకొండ బజార్లో మాది చిన్న కొట్టు. నేనూ తమ్ముడూ కలిసి నడిపేవాళ్లం. వాడి పేరు రవి అనుకోండి, వాడి భార్య పేరు సరిత అనుకోండి. అసలు పేర్లు వద్దు. వాళ్లిద్దరికీ హెచ్ఐవీ సోకింది. ఎట్లా వచ్చిందని నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు.

బయటపడిన ఏడాది రవి ఎండుకుపోయాడు. నలభై ఎనిమిది కిలోలు. చొక్కా కొక్కేనికి తగిలించినట్టు ఉండేది. బజార్లో చెవులు కొరుక్కోవడం మొదలైంది. ఏళ్ల తరబడి మా దగ్గరే సరుకులు తీసుకునే ఒకామె, వాడు కందిపప్పు పొట్లం కట్టబోతే, "నువ్వు వద్దు బిడ్డా, మీ అన్నను కట్టుమను" అంది. ఉడకబెట్టుకుని తినే పప్పుకు అంత భయం. వాడు వెనక గోదాంలోకి పోయి, సర్ది ఉన్న బస్తాలనే మళ్లీ సర్దుతూ కూర్చున్నాడు. ఆ రోజు నాకు కోపం ఎవరి మీద వచ్చిందో చెప్పనా? వాడి మీద. వీడి వల్ల గిరాకీ పోతుందని.

తర్వాత మందులు పనిచేశాయి. వాడు కోలుకున్నాడు. అప్పటినుంచి ఇంట్లో అందరిదీ ఒకటే పని, వాడికి తినిపించడం. బక్కగా ఉంటే రోగమున్నట్టు, ఒళ్లు చేస్తే ఏమీ లేనట్టు. మా బజారుకు అంతే తెలుసు, మాకూ అంతే తెలుసు. సరిత అన్నంలో నెయ్యి ధారగా పోసేది. నేను కొట్టులోంచి జీడిపప్పు పంపేవాణ్ణి. వాడి బుగ్గలు నిండుతుంటే నాకు ధైర్యం వచ్చేది.

మందులు తేవడం నా పని. పెద్ద దవాఖానలో ఆ గది ముందు నిలబడితే ఎవరైనా చూస్తారని వాడికి భయం. రక్తపరీక్షకు మాత్రం పొద్దున్నే పోయి వచ్చేవాడు. నాకెట్లాగూ షుగర్ ఉంది. ఎవరైనా కనబడితే, షుగర్ గోలీల కోసం వచ్చానని చెప్పేవాణ్ణి. వాళ్లిద్దరి మందులూ సంచిలో వేసుకుని, పైన పేపర్ కప్పి తెచ్చేవాణ్ణి.

మా అమ్మ పోయే ముందు ఒక మొక్కు మొక్కింది. చిన్నోడు కోలుకుంటే మేడారంలో నిలువెత్తు బంగారం ఇస్తానని. ఆ తల్లుల దగ్గర బెల్లమే బంగారం. నలుగురి ముందు తరాజులో తూచి, మనిషి ఎంత బరువుంటే అంత బెల్లం. నాలుగేళ్ల కిందటి జాతరకు ఆ మొక్కు తీర్చాలనుకున్నాం.

జాతరకు నెల ముందు మందుల కోసం పోతే, డాక్టరమ్మ నన్ను కూర్చోమంది. వైరస్ అణిగే ఉందని చెప్పింది. నేను లేవబోయాను. ఆగమంది. ఇప్పుడు భయం ఆ జబ్బుతో కాదు, గుండెతో అంది. వైరస్ ఉన్నవాళ్లకు రక్తనాళాలు తొందరగా దెబ్బతింటాయట. వాడి కొలెస్ట్రాల్ చాలా ఎక్కువుంది, బీపీ ఉంది, బరువు తగ్గాలి, నెయ్యి, మాంసం తగ్గించాలి, ఆలస్యం చేయకుండా గుండె డాక్టర్‌కు చూపించాలి. మెల్లగా, ఒక్కొక్కటీ నాకు అర్థమయ్యేటట్టు చెప్పింది. గుండె డాక్టర్‌కు ఒక చీటీ కూడా రాసిచ్చింది. అందులో మొదటి లైన్‌లోనే ఆ జబ్బు పేరు ఉంది.

మా దగ్గర గుండె దవాఖాన అంటే కొట్టుకు నాలుగు గల్లీల అవతలే. అక్కడి కాంపౌండర్ మా ఖాతాదారు. ఈ చీటీ చూస్తే సాయంత్రానికి బజారంతా తెలిసిపోదా? అట్లా అని నాకు నేను చెప్పుకున్నాను. మరి హైదరాబాద్ ఎంత దూరం? రైలెక్కితే రెండున్నర గంటలు. అక్కడ మమ్మల్ని ఎరిగినవాడెవడు? ఆ సంగతి నాకు తట్టకపోలేదు. తట్టింది. జాతర అయినాక చూద్దాం అనుకున్నాను. బరువు తగ్గాలన్న మాటే నా గొంతులో ఇరుక్కుంది. నలుగురి ముందు తరాజులో కూర్చోబోయే మనిషి ఇప్పుడు చిక్కిపోతే ఎట్లా? నిజం అదీ. నాకు తమ్ముడి గుండె కంటే తూకం ముఖ్యమైపోయింది.

ఆ సాయంత్రం వాడు అడిగిన మాటలు, నేనన్న మాటలు ఒక్క అక్షరం పోకుండా గుర్తున్నాయి.

"డాక్టరమ్మ ఏమన్నది అన్నా?"

"అంత మంచిగనే ఉన్నదన్నది."

"మరి బస్తా ఎత్తితే ఆయాసమొస్తాంది, ఛాతీల పట్టినట్టయితాంది. చెప్పినవా?"

"చెప్పిన. గ్యాసట. ఏం ఫికర్ లేదు, మంచిగ తినుమన్నది."

"తినుడే గదనే నా పని!" అని నవ్వాడు.

తినమని చెప్పానండీ. ఊరుకున్నా సగం పాపమే అయ్యేది. నేను డాక్టరమ్మ నోట్లో నా మాట పెట్టాను.

జాతరకు వారం ముందు కొట్టు ముందర మా నాన్న కాలం నాటి పెద్ద తరాజు వేలాడదీశాం. డప్పులు కొట్టించాను. వాడు మెడలో దండతో ఒక పళ్లెంలో కూర్చుంటే, రెండో పళ్లెంలో నేనే బెల్లం ముద్దలు పేర్చాను. ఎంత పేర్చినా వాడి వైపు లేవడం లేదు. జనం నవ్వుతున్నారు, వాడూ నవ్వుతున్నాడు. చివరికి తొంభై ఒక్క కిలోలకు సమానమైంది. అప్పుడు పప్పు వద్దన్న ఆమె ముందుకొచ్చి, వాడి చేతిలోంచే బెల్లం ముక్క తీసుకుని నోట్లో వేసుకుంది. "ఒళ్లు మంచిగ జేసినవ్ బిడ్డా" అంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. గెలిచామనుకున్నాను. చీటీ అప్పటికే పటం వెనక ఉంది.

జాతర అయింది. ఇవాళ, రేపు అనుకుంటూనే రెండు నెలలు గడిపాను. ఒకరోజు పొద్దున బియ్యం బస్తాలు దింపుతూ వాడు ఉన్నట్టుండి కూలబడ్డాడు. చెమటలు. ఎడమ చెయ్యి పట్టుకుని, "గ్యాసే అన్నా, సోడా ఇయ్యి" అన్నాడు. నేను చెప్పిన మాటే వాడు నమ్మాడు. నేను సోడా కొట్టి ఇచ్చాను. నిమ్మకాయ పిండి మరీ ఇచ్చాను. ఎంతసేపు పోయిందో లెక్కపెట్టుకోవడం మానేశాను.

దవాఖానలో డ్యూటీ డాక్టర్ ఏమైనా మందులు వాడుతున్నాడా అని అడిగితే నేను నేల చూశాను. సరిత సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది. "ఆయనకు హెచ్ఐవీ ఉన్నది సార్, ఇవి వాడుతాండు" అంది, అంతమందిలో. ఎవరూ వెనక్కి జరగలేదు. నర్సు వాడి చెయ్యి వదలలేదు. గుండె చూపించుకోమని ఇంతకుముందు ఎవరైనా చెప్పారా అని డాక్టర్ అడిగాడు. "లేదు సార్, మొన్ననే అంత మంచిగున్నదన్నరట" అని సరిత నా వైపు చూసింది. నేను తల ఊపాను. సాయంత్రానికి వాడు పోయాడు.

చీటీ ఇచ్చి ఉంటే బతికేవాడా? తెలియదు. ఎవరూ చెప్పలేరు. ఈ 'తెలియదు'ను అడ్డం పెట్టుకునే ఇన్నాళ్లు అన్నం తిన్నాను. కానీ సరిత సంగతి? దినాల రోజు చుట్టాల మధ్య కూర్చుని, "నేనే నెయ్యి బోసి బోసి సంపుకున్న" అని తల బాదుకుంది. నేను పక్కనే ఉన్నాను. "ఊకో బిడ్డా, రాత గట్లున్నది" అన్నాను. అప్పటినుంచి ఆమె నెయ్యి ముట్టదు. తర్వాత రెండు జాతరలు అయ్యాయి. తూకానికి తరాజు పెట్టమని జనం వచ్చి అడిగితే, కొక్కెం విరిగిందని చెప్పాను.

ఇప్పుడు కొట్టులో వాడి చోట సరితే కూర్చుంటుంది. తన మందులు తనే తెచ్చుకుంటుంది, సంచి మీద పేపర్ కప్పకుండా. పోయిన నెల దవాఖాన నుంచి వచ్చి, డాక్టరమ్మ తనకు రాసిచ్చిన కాగితం నా ముందు పెట్టింది. "బావా, ఇంగ్లీషుల ఉన్నది, జర సదువు." అదే మొదటి లైను. గుండె డాక్టర్‌కు చూపించాలి. ఈసారి ఒక్క ముక్క మింగకుండా చదివి చెప్పాను. మర్నాడే ఆ నాలుగు గల్లీల అవతలి దవాఖానకు తీసుకుపోయాను. కాంపౌండర్ చీటీ చూశాడు, కుర్చీ చూపించాడు, సన్నబియ్యం కొత్తవి వచ్చాయా అని అడిగాడు. అంతే. నేను నాలుగేళ్ల కింద భయపడ్డది ఇంతే.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో సరిత అడిగింది. "బావా, మరి ఆయనకెందుకు రాయలే?"

"ఏమో బిడ్డా" అన్నాను.

ఆ రెండు మాటలు అప్పటినుంచి నన్ను కూర్చోనివ్వడం లేదు. ఈ మధ్యాహ్నం గిరాకీ లేని వేళ పటం దించాను. చీటీ అగరుబత్తి పొగకు పచ్చబడింది, అక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు. దాన్ని ముందర పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఆమె అన్నానికి ఇంటికి పోయింది, ఇంకాసేపట్లో వస్తుంది. ఆమెకు ఇది ఇచ్చే ధైర్యం వస్తుందో రాదో చెప్పలేను. క్షమించమని అడిగే ముఖం నాకు లేదు, మిమ్మల్నీ అడగడం లేదు. ఆమె అడిగినదానికి జవాబు ఒక్కసారైనా నా చేత్తో రాయాలనుకున్నాను. రాస్తున్నాను.

డాక్టరమ్మ వాడికీ రాసింది, సరితా. నా చేతికే ఇచ్చింది. నేనే దాచిన.