సుబల్ పేరున్న చరణం

మా కింది అపార్ట్‌మెంట్ మాసి పోయారు. పోయిన మంగళవారం నేను క్లాసులో ఉండగా వాళ్ళమ్మాయి మెసేజ్ పెట్టింది: "అమ్మ నిద్రలోనే వెళ్ళిపోయింది." ఫోన్ బోర్లా పెట్టేశాను. కాసేపటికి మళ్ళీ తిప్పి చూశాను. ఆ మాటలు అలాగే ఉన్నాయి.

మాసి అంటే బెంగాలీలో పిన్ని. నేను చదువుకోడానికి అమెరికాలోని ట్రాయ్ వచ్చిన కొత్తలో, లాండ్రీ రూమ్‌లో మర్చిపోయిన నా తడి బట్టల్ని డ్రయ్యర్‌లో వేసి, "ఇంకో పూట వదిలేస్తే మొలకలొచ్చేవి పిచ్చిపిల్లా" అని హిందీలో తిట్టారు. అలా పరిచయం. ఆవిడ ఒకప్పుడు బెంగాల్‌లో పేరున్న జానపద గాయని అని చాలా రోజులకు గానీ నాకు తెలియలేదు.

ఇంట్లో గొంతెత్తితే పక్కవాళ్ళ నుంచి లీజింగ్ ఆఫీస్‌కి కంప్లైంట్ వెళ్ళేది. అందుకని లాండ్రీ రూమ్‌లో పాడుకునేవారు. తిరుగుతున్న డ్రయ్యర్ మీద చెయ్యేసి, దాని మోతే తంబురా అనుకుని, "ఆఁ, శ్రుతి దొరికింది" అనేవారు. ఆవిడవి పడవవాళ్ళ పాటలు. వాటికి తాళం ఉండదు. గాలి ఎంత దూరం మోస్తే మాట అంత దూరం సాగుతుంది. తాళం ఎందుకు లేదని అడిగితే, "నది మీద ఎవరికి తొందర?" అన్నారు.

చిన్నప్పుడు ఆవిడ బడికి నది దాటి వెళ్ళేవారట. ఆ పడవ నడిపే సుబల్ మాఝి దగ్గరే పాటలు నేర్చుకున్నారు. సుబల్‌కి రాయడం రాదు. తెడ్డు వేస్తూ పాట కట్టేవాడు, ఆఖరి చరణంలో తన పేరు పెట్టుకునేవాడు. అక్కడి పాటలకు అదే ఆచారం. మా శతకాల్లోనూ మకుటం ఉంటుందని, కొందరు కవులు ప్రతి పద్యంలోనూ తమ పేరు పెట్టుకున్నారని చెప్పాను. మాసి పగలబడి నవ్వారు. "మీవాళ్ళు గడుసువాళ్ళే! ఎక్కడ కోసినా పేరు మిగులుతుంది. మా సుబల్‌కి ఆ తెలివి లేకపోయింది."

ఆ నవ్వు వెనకాల ఒక కథ ఉంది. కలకత్తాలో రేడియోలో పాడుతున్న రోజుల్లో ఒక రికార్డు కంపెనీ ఆవిణ్ణి పిలిచింది. సుబల్ పాట నిడివి ఎక్కువైందని చివరి చరణం తీసేసింది. రికార్డు మీద ‘సంప్రదాయ గీతం’ అని అచ్చు వేసింది. ఆ పాట ఊరూరా మోగింది. మాసి సంబరంగా రికార్డు ప్లేయర్ మోసుకుని రేవుకి వెళ్ళి సుబల్‌కి వినిపించారు. ఆయన చివరిదాకా విని, "ఎంత బాగా పాడావమ్మా! మరి నేనేడీ?" అన్నాడట.

"నవ్వుతూనే అన్నాడు. కోపంగా అనుంటే బావుండేది" అనేవారు మాసి.

మళ్ళీ రికార్డు చేసేలోపే సుబల్ పోయాడు. అప్పట్నుంచి ఆవిడ ఆ పాట పాడితే పూర్తిగా పాడారు, లేదంటే పాడలేదు. సినిమావాళ్ళు రెండు చరణాలే కావాలన్నారు, వెళ్ళలేదు. మెల్లగా పిలుపులు ఆగిపోయాయి.

పోయిన దసరాకి ఇక్కడి బెంగాలీలు ఒక హైస్కూల్ ఆడిటోరియంలో పూజ చేశారు. ఆ పాత పాట కావాలని మాసిని అడిగారు. ఆవిడ స్టేజి ఎక్కబోతుంటే నిర్వాహకుడు పరిగెత్తుకొచ్చాడు. "మాసీ, ప్లీజ్, ఒక్క చరణమే. పిల్లల డాన్స్ లేట్ అయింది, హాల్ ఖాళీ చేయాలి."

ఆవిడ పోట్లాడతారేమోనని చూశాను. "సరే బాబూ" అన్నారు.

వెళ్ళి ఆఖరి చరణం ఎత్తుకున్నారు. ‘సుబల్ అంటాడు, తెడ్డు నాది, నీళ్ళు నావి కావు’ అని దాని అర్థం. రికార్డు విని పెరిగిన పెద్దవాళ్ళెవరికీ అది తెలియదు. నా వెనకాల ఒకాయన, "పాపం, పాట మర్చిపోయింది" అన్నాడు. కూతురు తల దించుకుంది. చప్పట్లు జాలిగా మోగాయి.

తిరిగొచ్చేటప్పుడు కారు డ్రైవ్ చేస్తూ ఆ మాట చెప్పాను. "మీరు మర్చిపోయారని అనుకున్నారు మాసీ!"

"అనుకోనీ. పేరు విన్నారుగా."

అంతే, సీటుకి తల ఆనించి కళ్ళు మూసుకున్నారు. ఆ తర్వాత ఎవరూ ఆవిణ్ణి పాడమని అడగలేదు.

శనివారం ఫ్యునరల్ హోమ్‌లో అల్లుడుగారు ఫోన్‌లో ఆ రికార్డు పాటే పెట్టారు. పడుచు గొంతు, తేటగా ఉంది. పాట అయిపోయింది. అందరూ లేచి కోట్లు వేసుకుంటున్నారు. కూతురు నా చెయ్యి పట్టుకుంది. "ఆ చివరిది నీకు వచ్చా?"

"మాటలు వచ్చక్కా. పాడటం రాదు."

"నాకు రాగం తెలుసు. చిన్నప్పుడు వంటింట్లోంచి వినేదాన్ని. మాటలెప్పుడూ పట్టించుకోలేదు."

నేను మెల్లగా మాట అందించాను. ఆవిడ అమ్మను ఉంచిన పెట్టె మీద చెయ్యేసి పాట ఎత్తుకుంది. ‘సుబల్ అంటాడు’ దాకా వచ్చింది. పేరు పలికింది, ఆపైన పాడలేకపోయింది. నేను తర్వాతి మాట అందించాను, మళ్ళీ అందించాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

ఒక చెయ్యి కోటులో దూర్చినవాళ్ళు అలాగే నిలబడిపోయారు. తెరిచిన తలుపు అవతల, మా తర్వాత హాలు తీసుకున్న కుటుంబం పువ్వులు పట్టుకుని మంచులో ఎదురుచూస్తోంది.